అమెరికా డోసు మన ఒంటికి పడుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు, బరువు 52 కిలోలు. మాది నరసరావుపేట. మూడేళ్లుగా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్). పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగించలేకపోతోంది. మొదట ఏడాది పసర్లు, పొడులు వాడాం. ఇప్పుడు రుమటాలజిస్టుకు చూపిస్తున్నాం. వారానికి మెథోట్రెక్సేట్ 10 మి.గ్రా., రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 400 మి.గ్రా., నొప్పి ఎక్కువైన రోజుల్లో ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) వేస్తున్నాం. ఐదు నెలలైనా ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) 58 దగ్గరే ఉంది. హిమోగ్లోబిన్ 9.2. యాంటీ సీసీపీ (కీళ్లవాతాన్ని పట్టే రక్తపరీక్ష) పాజిటివ్. న్యూజెర్సీలో ఉన్న మా పిన్నికీ ఇదే జబ్బు. ఆమెకు మెథోట్రెక్సేట్ 20, పైగా రెండు వారాలకోసారి ఇంజెక్షన్. "ఆసియావాళ్లకు ఈ మందులు సరిగ్గా పనిచేయవట, డోసు కూడా తక్కువే ఇవ్వాలట, ముందు జీన్ టెస్టు చేయించండి" అని ఆమె ఫోన్ చేసి చెబుతోంది. మా డాక్టరు గారేమో డోసు 15కి పెంచుదామంటున్నారు. ఎవరి మాట వినాలి? మన జాతివాళ్లకు ఈ మందులు వేరుగా పనిచేస్తాయా?
– ఎస్., నరసరావుపేట

సమాధానం: మెథోట్రెక్సేట్ 15 గురించి అంత భయం అక్కర్లేదు. మీ అమ్మగారి చీటీలో ఒకసారి లెక్క చూసుకోవాల్సిన మందు రెండోది, ఆ హైడ్రాక్సీక్లోరోక్విన్ 400. దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు పిన్నిగారి మాట తేల్చుకోవాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఆ సగమే ఇబ్బంది పెడుతుంది.

"ఆసియావాళ్లు" అన్న మాట దగ్గరే తిరకాసు మొదలవుతుంది. బ్రిటన్‌లో ఒక డాక్టరు ఏషియన్ పేషెంట్ అన్నాడంటే భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన కుటుంబాలని అర్థం. అమెరికా ఫారాల్లో అదే గడిలో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్, వియత్నాం వాళ్లతో పాటు మనమూ ఉంటాం. కొత్త మందుల ట్రయల్స్‌లో ఆసియా అని రాసిన చోట ఎక్కువగా జపాన్, కొరియా, చైనా, తైవాన్ ఆసుపత్రులు కనిపిస్తాయి. పిన్నిగారు చదివింది ఈ మూడింట్లో ఏ ఆసియా గురించో చూడకుండా అమ్మగారి డోసు తగ్గించడం కుదరదు.

డోసు తక్కువ ఇవ్వాలన్న మాటకు బాగా బలం ఇచ్చింది జపాన్. అక్కడ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను 1999లో ఆమోదించినప్పుడు వారానికి 8 మి.గ్రా. దాటకూడదని గీత గీశారు. అదే కాలంలో యూరప్, అమెరికాల్లో 20, 25 దాకా ఇస్తున్నారు. దాంతో ఆసియా ఒంటికి ఎనిమిది చాలునేమో అన్న అభిప్రాయం పాతుకుంది. ఆ ఎనిమిదితో చాలామందికి జబ్బు అదుపులోకి రాలేదు. 2011లో పరిమితిని 16కి పెంచారు. చాలామంది మొదటి సగమే చెప్పి, పెంచిన సంగతి వదిలేస్తారు. ఇక మన దేశం సంగతి: చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో మెథోట్రెక్సేట్‌ను 25 దాకా పెంచుకుంటూ వెళ్లి, దుష్ప్రభావాలు తగ్గించడానికి దానితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఎంత ఇవ్వాలో తేల్చడానికి ఒక ట్రయల్ చేశారు. వారానికి 10 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా, 30 ఇచ్చినా దుష్ప్రభావాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే 5 మి.గ్రా. మాత్రలు వారానికి రెండు సరిపోతాయి. మన జాతి కాబట్టి 10 దగ్గరే ఆగాలి అనే నియమం ఏదీ లేదు.

మరి తేడా ఎక్కడ వస్తుంది? బరువు దగ్గర, కిడ్నీ దగ్గర. మెథోట్రెక్సేట్ చాలావరకు మూత్రం ద్వారానే పోతుంది. ల్యాబ్ కాగితంలో క్రియాటినిన్ 1.1 అని ఉంటే పక్కన "నార్మల్" అని ఉంటుంది, మనం మడిచి పెట్టేస్తాం. అదే 1.1ను వయసు, బరువు, స్త్రీ పురుష తేడా కలిపే కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ లెక్కలో వేసి చూడండి. 54 ఏళ్లు, 80 కిలోలున్న మగమనిషికి కిడ్నీల వడపోత నిమిషానికి దాదాపు 87 మి.లీ. వస్తుంది. అదే వయసు, 52 కిలోల స్త్రీకి 48. కాగితం మీద ఒకే అంకె, లోపల ఇంచుమించు సగం వడపోత. 60 కంటే తగ్గితే మెథోట్రెక్సేట్ డోసు జాగ్రత్తగా చూసుకోవాలి, 30 కంటే తగ్గితే వాడకపోవడమే మంచిది. అమ్మగారి క్రియాటినిన్ ఎంతో మీరు రాయలేదు. 0.7 అయితే లెక్క 75 వస్తుంది, 15కి వెళ్లడానికి అడ్డేమీ లేదు. 1.1 అయితే డాక్టరుతో ఈ లెక్క గురించి మాట్లాడి, పెంచేది 2.5 చొప్పున మెల్లగా పెంచమనండి. మన ఆడవాళ్లకు మందు పడదు అనిపించే సందర్భాల్లో కొన్నింటికి కారణం ఈ లెక్క వేయకపోవడమే.

ఇప్పుడు ఆ ఈఎస్‌ఆర్ 58. మందు పనిచేయడం లేదు అనే నిర్ణయానికి మీరు వచ్చింది ఎక్కువగా దీన్ని చూసే అనిపిస్తోంది. రుమటాలజిస్టులు వాడే డాస్ 28 అనే స్కోరు ఉంది: 28 కీళ్లలో ఎన్ని నొక్కితే నొప్పి, ఎన్ని వాచాయి, ఈఎస్‌ఆర్ ఎంత, రోగికి మొత్తం మీద ఎలా ఉంది అన్నవి కలిపి ఒక అంకె. 2.6 కంటే తక్కువైతే జబ్బు సద్దుమణిగినట్టు. 5.1 దాటితే తీవ్రం. ఇందులో ఈఎస్‌ఆర్ వాటా దాని సహజ లాగరిథమ్‌ను 0.70తో గుణిస్తే వస్తుంది. 58కి ఆ వాటా ఒక్కటే 2.84. అంటే అమ్మగారికి ఒక్క కీలూ వాయకపోయినా, ఎక్కడా నొప్పి లేకపోయినా, "నాకేం లేదు, హాయిగా ఉన్నాను" అన్నా సరే, ఈ స్కోరు ప్రకారం జబ్బు తగ్గనట్టే లెక్క. ఈఎస్‌ఆర్ 41 దాటితే ఆ గీత కిందికి దిగడం ఎవరికీ సాధ్యం కాదు.

ఈఎస్‌ఆర్ పెరగడానికి కీళ్లవాతం ఒక్కటే కారణం కాదు. రక్తహీనత ఉన్నా పెరుగుతుంది. వయసుతోనూ, స్త్రీలలోనూ మామూలుగానే కాస్త ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట ఈ స్కోరుతో కొలిచి "భారతీయులకు మందు తక్కువ పనిచేస్తోంది" అని రాస్తే, ఆ వాక్యంలో కీళ్లెంత, రక్తహీనత ఎంత అన్నది తేలదు. అందుకే ఈఎస్‌ఆర్‌తో పాటు సీఆర్‌పీ (వాపును చూపే మరో రక్తపరీక్ష) కూడా చేయించండి. దాని మీద రక్తహీనత ప్రభావం అంతగా ఉండదు.

రక్తపరీక్ష అసలు అవసరం లేని కొలత ఒకటుంది, సీడీఏఐ అంటారు. దీన్ని మీరు ఇంట్లో కూడా సుమారుగా అంచనా వేసుకోవచ్చు. రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్లు, రెండు చేతుల పిడికిలి కణుపులు పది, వేళ్ల మధ్య కణుపులు (బొటనవేలి కణుపుతో కలిపి) పది: మొత్తం 28. మీ బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా ఒక్కొక్కదాన్నీ నొక్కండి, నొప్పి ఉన్నవి లెక్కపెట్టండి. తర్వాత వాపు. వాచిన కణుపు రెండు పక్కలా నొక్కితే మెత్తగా, పిండి ముద్దలా తగులుతుంది. ఎముక పెరిగింది అయితే గట్టిగా ఉంటుంది, దాన్ని కలపకూడదు. మన ఒంటి రంగు మీద వాచిన కీలు ఎర్రబడటం సరిగ్గా కనిపించదు. ఎరుపు లేదు కదా అని వదలకండి, చేత్తో తడిమే చూడాలి. దీనికి అమ్మగారు 0 నుంచి 10 వరకు వేసుకునే మార్కు, డాక్టరు వేసే మార్కు కలపాలి. ఉదాహరణకు నొప్పి 6, వాపు 4, అమ్మగారి మార్కు 6, డాక్టరుది 5 అనుకుందాం, మొత్తం 21. 2.8 లోపు ఉంటే సద్దుమణిగినట్టు, 10 లోపు స్వల్పం, 22 లోపు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. ఈ ఉదాహరణలో మధ్యస్థం, తీవ్రానికి ఒక్క అడుగు దూరం.

ఆ మార్కు అడిగేటప్పుడు ఒక చిక్కు. మన అమ్మలు డాక్టరు ముందు "పర్లేదండీ, బానే ఉంది" అంటారు, బయటికొచ్చి బస్సు కమ్మీ పట్టుకోలేరు. "నొప్పి ఎంత?" అని అడగడం కంటే పొద్దున జడ వేసుకున్నారా, చపాతీ పిండి కలిపారా, సీసా మూత తిప్పారా, జాకెట్టు హుక్కులు పెట్టుకోగలిగారా అని అడగండి. జవాబులు రాసుకుని తీసుకెళ్లండి.

హిమోగ్లోబిన్ 9.2ని అలా వదిలేయొద్దు. ఒంట్లో ఇనుము ఎలా ఉందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షలు చేయించండి. మామూలుగా ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే ఇనుము లోపం అంటారు. కానీ కీళ్లవాతంలో వాపు వల్లే ఫెరిటిన్ పైకి లేస్తుంది, కాబట్టి 100 లోపు ఉండి సాచురేషన్ 20 శాతం కంటే తక్కువైతే ఇనుము లోపంగానే చూడాలి. ఆ ఏడాది వాడిన పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు; దాంతో పాటు మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కూడా వేసుకుని ఉంటే, రెండూ కలిసి కడుపులో పుండు చేసి రక్తం కొద్దికొద్దిగా పోయేలా చేయొచ్చు. మలం నల్లగా వస్తోందా అని అడగండి.

ఇక జీన్ టెస్టు. కీళ్లవాతం వచ్చే అవకాశాన్ని పెంచే జన్యువుల్లో జాతిని బట్టి తేడా ఉన్న మాట నిజమే. హెచ్ఎల్‌ఏ డీఆర్‌బీ1 అనే జన్యువులో యూరోపియన్లకు ప్రధానంగా 04:01 రకం, జపాన్, కొరియా వాళ్లకు 04:05, మనవాళ్లలో 10:01 ఎక్కువగా కనిపిస్తాయి. పీటీపీఎన్22 అనే ఇంకో జన్యువులో యూరోపియన్లకు ముఖ్యమైన ఒక మార్పు తూర్పు ఆసియాలో దాదాపు కనిపించదు. ఇవన్నీ జబ్బు ఎందుకు వస్తుందో చెప్పేవి. ఏ మందు పనిచేస్తుందో చెప్పవు. మెథోట్రెక్సేట్ పడుతుందో లేదో చెబుతామని కొన్ని ల్యాబ్‌లు అమ్మే ఎంటీహెచ్ఎఫ్ఆర్ పరీక్ష సంగతీ అంతే. ఫలితాలు ఒక అధ్యయనంలో ఒకలా, ఇంకో అధ్యయనంలో మరోలా వచ్చాయి. దాన్ని చూసి డోసు మార్చే మార్గదర్శకం ఏదీ లేదు. డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బుతో ఫెరిటిన్, సీఆర్‌పీ చేయించుకోవచ్చు.

జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, కానీ అది మీ అమ్మగారి చీటీలో లేని మందు: అజథయోప్రిన్. కీళ్లవాతంలో దాని వాడకం తగ్గింది, జబ్బు ఊపిరితిత్తులకు పాకినప్పుడో వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) వచ్చినప్పుడో ఇస్తారు. పాశ్చాత్య దేశాల్లో దానికి ముందు టీపీఎంటీ అనే జన్యువు పరీక్ష చేస్తారు. మనవాళ్లలో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువులోని మార్పు; అది తూర్పు ఆసియాలోనూ, మన దగ్గరా చెప్పుకోదగినంత మందిలో ఉంటుంది, యూరోపియన్లలో అరుదు. ఒక్క టీపీఎంటీ చూసి సరే అనుకుంటే మనవాళ్ల విషయంలో అసలుది చూడనట్టే. ఎప్పుడైనా ఆ మందు రాస్తే అప్పుడు రెండూ అడగండి.

ఇప్పుడు హైడ్రాక్సీక్లోరోక్విన్. కంటి వైద్యుల ప్రమాణం రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. మించకూడదని. 52 కిలోలకు 260. అమ్మగారు వేసుకుంటున్నది 400, అంటే కిలోకు 7.7. 80 కిలోల మనిషికి అచ్చంగా సరిపోయే డోసు ఇది. 200 మి.గ్రా. మాత్రలతో సర్దుకోవాలంటే వారానికి తొమ్మిది మాత్రలు: ఐదు రోజులు ఒకటి, రెండు రోజులు రెండు చొప్పున. వారానికి 1800, సగటున రోజుకు 257. మీరే మార్చేయకుండా ఈ లెక్క డాక్టరు ముందు పెట్టండి, సరిచేస్తారు. నాలుగు రోజుల్లో ప్రమాదం ముంచుకొచ్చే మందు కాదు ఇది. రెటీనా దెబ్బతినడం ఏళ్ల మీద జరిగే పని, కానీ ఒకసారి దెబ్బతింటే తిరిగి రాదు.

ఇక్కడే జాతికి నిజంగా విలువ ఉన్న సంగతి ఒకటుంది. యూరోపియన్లలో ఈ మందు వల్ల వచ్చే కంటి దెబ్బ ఎక్కువగా చూపు మధ్య బిందువు చుట్టూ మొదలవుతుంది. అమెరికాలో 2015లో వచ్చిన ఒక పరిశీలనలో, ఆ దెబ్బ తగిలిన ఆసియా సంతతి రోగుల్లో సగం మందికి అది ఇంకా బయట, మధ్యభాగాన్ని దాటిన వలయంలో కనిపించింది; తెల్లవాళ్లలో అలా 2 శాతానికే. మామూలుగా చేసే 10-2 అనే దృష్టి పరీక్ష మధ్యభాగాన్నే చూస్తుంది, కాబట్టి బయటి వలయం తప్పిపోతుంది. అందుకే అమెరికన్ కంటి వైద్యుల అకాడమీ 2016లో ఆసియా సంతతివాళ్లకు ఇంకా విశాలంగా చూసే 24-2 లేదా 30-2 పరీక్ష కూడా చేయాలంది. ఆ "ఆసియా"లో మనవాళ్లు ఎంతమందో స్పష్టంగా లేకపోయినా, పరీక్షకు నష్టం లేదు. మందు మొదలైన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా. అమ్మగారి డోసు ఎక్కువగా ఉంది కనుక, కిడ్నీ లెక్క కూడా తక్కువగా తేలితే, ఐదేళ్లు ఆగకుండా ముందే ఏటా చేయించడం మంచిది. వెళ్లినప్పుడు "ఓసీటీతో (రెటీనా స్కాన్) పాటు 24-2 కూడా తీయండి" అని నోరు తెరిచి అడగాలి. ఈ మాట పిన్నిగారికి కూడా చెప్పండి. ఆమె కూడా ఇదే మాత్ర వాడుతుంటే, ఆమె చదివిన దానికంటే ఇది ఎక్కువ అవసరం.

మెథోట్రెక్సేట్ పెంచే పద్ధతి. 15 మొదలుపెట్టాక రెండు నుంచి నాలుగు వారాల్లో రక్తకణాలు, కాలేయ ఎంజైములు, క్రియాటినిన్ చూడాలి. బాగుంటే 20కి వెళ్లొచ్చు. మొదటి మూడు నెలలు ప్రతి డోసు మార్పు తర్వాతా ఇలాగే, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి. సరైన డోసు చేరాక దాని బలం పూర్తిగా కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఐదు నెలలు 10 మీద ఉండి మందు పనిచేయలేదు అనడం, అన్నం సగం ఉడికాక దించి బియ్యం మంచివి కావన్నట్టుగా ఉంటుంది.

15 దాటాక నోటి ద్వారా వేసుకున్నదంతా పేగు పీల్చుకోదు. అప్పుడు ఒకే రోజున ఉదయం సగం, రాత్రి సగం వేసుకుంటే ఎక్కువ ఒంటికి పడుతుంది. చర్మం కింద ఇంజెక్షన్‌గా అయితే ఇంకా మేలు, వికారం కూడా తక్కువ. ఒకే రోజున అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఈ మందుతో జరిగే ఘోరమైన పొరపాటు వారం మాత్రను రోజూ వేసుకోవడం. షాపులో కవరు మీద రోజుకొకటి అని రాసేస్తారు, లేదా "వారానికి నాలుగు మాత్రలు" అన్నదాన్ని నాలుగు రోజులు అనుకుంటారు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ తరచుగా చిన్న పసుపు మాత్రలే, చీటీలో పక్కపక్కనే ఉంటాయి, చూపు తగ్గినవాళ్లు తారుమారు చేస్తారు. వారం రోజులు అలా సాగితే నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, ప్రాణం మీదికి రావడం. అలా జరిగిందని తెలిసిన క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, అది ఇంట్లో ఉండే ఫోలిక్ యాసిడ్ కాదు. స్ట్రిప్ మీద మార్కరుతో "ఆదివారం" అని రాయండి. ఇంట్లో ఒకే బలం మాత్రలు ఉంచండి, 2.5, 10 రెండూ ఒకే డబ్బాలో వద్దు. ఫోలిక్ యాసిడ్ మంగళ, గురువారాలు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న వారం, జ్వరానికి యాంటీబయాటిక్ వాడుతున్న వారం ఆ డోసు మానేయండి. మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పాలి. ఆ రెండూ కలిస్తే రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ దెబ్బతినొచ్చు. పొడి దగ్గుతో ఆయాసం వచ్చినా వారం ఆగకుండా చూపించాలి.

"క్యాన్సర్ మందట, వేడి చేస్తుందట" అని బంధువులు అంటారు. క్యాన్సర్‌లో పెద్ద డోసు అంటే గ్రాముల్లో ఎక్కిస్తారు, ఇక్కడ వారానికి 15 మిల్లీగ్రాములు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్‌లో దక్షిణాసియా రోగులను తెల్లవాళ్లతో పోల్చి చూసినప్పుడు, మందుల మీద భయం, డాక్టర్లు ఊరికే ఎక్కువ మందులు రాస్తారన్న అనుమానం మనవాళ్లలో ఎక్కువని తేలింది. అక్కడ వైద్యం ఉచితం, అయినా అంతే. అమెరికాలో కొరోనా అనే కీళ్లవాత రోగుల రిజిస్ట్రీ (వైరస్‌కు ఏళ్ల ముందే పెట్టుకున్న పేరు, తర్వాత మార్చుకున్నారు) లెక్కల్లో ఆఫ్రికన్ అమెరికన్లు, హిస్పానిక్‌లలో జబ్బు సద్దుమణిగేవాళ్లు తెల్లవాళ్ల కంటే తక్కువ. దాన్ని చూసి వాళ్ల రక్తమే వేరనుకోవడం తొందరపాటు. ఇన్సూరెన్సు, రుమటాలజిస్టు దగ్గరికి చేరడానికి పట్టే నెలలు, మందు మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ ఆ అంకెలోనే ఉన్నాయి. మీ ఇంట్లోనే పసర్లతో గడిచిన ఏడాది ఉంది. యాంటీ సీసీపీ పాజిటివ్ ఉన్నవాళ్లలో ఎముక కొరుకుడు మొదటి రెండేళ్లలోనే వేగంగా సాగుతుంది. చేతులు, పాదాల ఎక్స్‌రే తీయించకపోతే ఇప్పుడు తీయించండి, తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

నొప్పి వచ్చిన రోజున ప్రెడ్నిసొలోన్ వేసుకునే అలవాటు ఆపించాలి. ఆ మాత్ర డోసు పెంచేదాకా వంతెనలా కొన్ని వారాలు, తక్కువ డోసులో, దిగుతూ వచ్చి మూడు నెలల్లోపు మానేసేలా ఉండాలి. ఇలా అప్పుడప్పుడు వేస్తే వాపు డాక్టరు చూసే రోజుకు దాక్కుంటుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి.

20 దాకా వెళ్లి మూడు నెలలు గడిచినా సీడీఏఐ 10 దిగకపోతే, పిన్నిగారి ఇంజెక్షన్ ఒక్కటే దారి కాదు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు సల్ఫాసలజైన్ కలిపి మూడు మందులు ఇవ్వడం, ఎటనర్సెప్ట్ ఇంజెక్షన్ దారికి తీసిపోలేదని 2013లో అమెరికా, కెనడా ట్రయల్ చూపింది. ఖర్చులో పోలికే లేదు. సల్ఫాసలజైన్‌కు ముందు జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉందేమో చూసే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. మన దేశంలో ఎక్కువమంది ఈ మందును మెల్లగా విరిచే తత్వం ఉన్నవాళ్లు, కాబట్టి వికారం, తలనొప్పి రావచ్చు. 500తో మొదలుపెట్టి వారానికి 500 చొప్పున 2 గ్రాముల దాకా పెంచితే చాలామంది తట్టుకుంటారు.

కీళ్లవాతానికే ఇచ్చే టోఫాసిటినిబ్ అనే మాత్ర ఇప్పుడు మన దగ్గర చౌకగా దొరుకుతోంది, డాక్టర్లూ తొందరగా రాస్తున్నారు. హిమోగ్లోబిన్ 9 కంటే తక్కువుంటే అది మొదలుపెట్టకూడదు. అమ్మగారు గీత మీదే ఉన్నారు. సర్పి (అక్కి అని కూడా అంటారు) వచ్చే ప్రమాదం ఈ మందుతో పెరుగుతుంది. జపాన్, కొరియాలలో ఆ సంఖ్య మిగతా దేశాల కంటే బాగా ఎక్కువగా వచ్చింది. 50 దాటినవాళ్లకు సర్పి టీకా మన దేశంలోనూ ఉంది, రెండు డోసులు. మందుకు ముందే వేయించుకోవడం మంచిది. గుండెజబ్బు ముప్పు, పొగతాగే అలవాటు, 65 దాటిన వయసు ఉంటే ఈ మాత్ర ముందు వరసలో ఉండకూడదు.

ఇంజెక్షన్ అయినా, ఈ మాత్ర అయినా ముందు టీబీ చూడాలి: ఛాతీ ఎక్స్‌రే, మాంటూ చర్మపరీక్ష లేదా ఐజీఆర్ఏ రక్తపరీక్ష. బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లలో మాంటూ తప్పుగా పాజిటివ్ రావచ్చు కాబట్టి ఐజీఆర్ఏ మేలు, కానీ స్టెరాయిడ్ మీద ఉంటే రెండూ తప్పుగా నెగెటివ్ రావచ్చు. దాగి ఉన్న టీబీ తేలితే దానికి మందు మొదలుపెట్టి కనీసం నెల గడిచాకే ఇంజెక్షన్. అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్‌తో టీబీ ముప్పు ఎటనర్సెప్ట్ కంటే ఎక్కువ. మనవాళ్లు టీబీ విషయంలో ఇంత జాగ్రత్తపడాల్సి రావడం జన్యువుల వల్ల వచ్చిన తేడా కాదు, మన చుట్టూ ఉన్న టీబీ వల్ల వచ్చిన తేడా. పిన్నిగారు చిన్నప్పుడు ఇక్కడే పెరిగారు కనుక న్యూజెర్సీలో ఉన్నా ఆమెకూ వర్తిస్తుంది. ఆమె డాక్టరు ఈ పరీక్ష చేసే ఉంటారు. ఊరికి వచ్చి రెండు మూడు నెలలుండి వెళ్లినప్పుడల్లా ఆ సంగతి మళ్లీ వాళ్లకు చెప్పమనండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ, వీటిలో ఏది కనిపించినా ఇంజెక్షన్ ఆపి ముందు చూపించుకోవాలి.